పక్షవాతం: గడ్డ తీసేశాక తెల్ల కణాలు చేసే పని

(ప్రపంచ పక్షవాత దినం సందర్భంగా ఒక న్యూరాలజిస్టు సాధారణ శ్రోతల కోసం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. కుర్చీలు దొరకని వాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చోటుంది. వెనక వాళ్లకి వినపడుతోందా? సరే.

పక్షవాతం గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి, నాలుగున్నర గంటల్లోపు అయితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. అది నేనూ చెప్తాను. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కానీ ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ తర్వాత జరిగేదాని గురించి.

వార్డు బయట బంధువులు మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. "గడ్డ తీసేశామన్నారు కదా డాక్టర్ గారూ. రక్తం బాగానే పారుతోందన్నారు కదా. నిన్న పిలిస్తే పలికాడు. ఇవాళ మూడో రోజు, మగతగా పడి ఉన్నాడు. ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. దారి తెరుచుకుంది, మరి మనిషి ఎందుకు దిగజారాడు? దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి తలలో ఉంది, ఒకటి ఛాతీలో ఉంది. రెండిట్లోనూ మన సొంత తెల్ల రక్తకణాల పాత్ర ఉంది. ఆ రెండు జవాబులే ఈ రోజు నా ప్రసంగం.

ముందు కొంచెం పునాది. పక్షవాతం రెండు రకాలు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం ఒకటి, నాళం చిట్లి రక్తం కారటం ఒకటి. పాశ్చాత్య దేశాల్లో నూటికి 85 దాకా గడ్డ రకమే. మన దేశంలో చిట్లే రకం వాటా అంతకంటే ఎక్కువ, బీపీని పట్టించుకోకపోవడం దానికి పెద్ద కారణం. ఈ రోజు గడ్డ రకం గురించే చెప్తాను. రెండూ కలిపితే గందరగోళం అవుతుంది.

2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు ఒక లెక్క కట్టారు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయి, వైద్యం అందకపోతే, నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు, అంటే నాడీ కణాలు, చచ్చిపోతాయి. నిమిషానికి. నేను ఈ నాలుగు మాటలు చెప్పేలోపు ఎన్ని పోయినట్టు?

కానీ అన్నీ ఒకేసారి చావవు. ఇక్కడ వ్యవసాయం తెలిసిన వాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు, మీకు సులువుగా అర్థమవుతుంది. కాలువకి పైన నీళ్లు ఆగిపోయాయనుకోండి. కొన్ని మడులు పూర్తిగా ఎండిపోతాయి. వాటి పక్క మడులకి వేరే బోదె నుంచి కాస్త ఊట వస్తూ ఉంటుంది, అక్కడ పైరు వాడిపోతుంది కానీ చావదు. నీళ్లొస్తే తేరుకుంటుంది. మెదడులో ఆ వాడిన భాగాన్ని పెనంబ్రా అంటారు. పక్కనున్న రక్తనాళాల నుంచి అందే కొద్దిపాటి రక్తంతో అది గంటల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. మా ఇంజెక్షన్లు, తొడ దగ్గర నుంచి తీగ పంపించి గడ్డ లాగేసే థ్రాంబెక్టమీ, అన్నీ ఈ పెనంబ్రా కోసమే. 2018 తర్వాత, స్కాన్‌లో ఆ భాగం ఇంకా బతికి ఉందని తేలితే, కొంతమందికి 24 గంటల దాకా కూడా గడ్డ తీస్తున్నాం. మరి ఆ పెనంబ్రా బతుకుతుందా లేదా అన్నది రక్తం ఒక్కటే తేల్చదు. అక్కడికి ఏ కణాలు వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి, వచ్చి ఏం చేశాయి అన్నది కూడా తేలుస్తుంది.

మెదడులో ముందే కాపురం ఉన్న రోగనిరోధక కణాలు కొన్ని ఉన్నాయి. వాటి పేరు మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ దేశస్థుడు పియో దెల్ రియో ఓర్తెగా వీటిని విడిగా గుర్తించి వర్ణించాడు. ఇవి మిగతా తెల్ల కణాల్లా ఎముక మూలుగలో పుట్టవు. పిండం ఇంకా చాలా చిన్నదిగా ఉన్నప్పుడే, పచ్చసొన సంచి నుంచి బయల్దేరి మెదడులోకి వచ్చి స్థిరపడతాయి. 2005లో బతికున్న ఎలుక మెదడులో వీటిని సూక్ష్మదర్శినితో చూసినప్పుడు తెలిసిందేంటంటే, ఇవి ఊరికే ఉండవు. ఏ జబ్బూ లేనప్పుడు కూడా వీటి సన్నని కొమ్మలు అటూ ఇటూ కదులుతూ, చుట్టుపక్కల కణాలను తడుముతూ ఉంటాయి. నిమిషాల తరబడి, ఆగకుండా. నాకు ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

న్యూరాన్ చచ్చి పగిలితే లోపలి సరుకు బయటపడుతుంది. ఏటీపీ అనే శక్తి అణువు, కేంద్రకంలో ఉండాల్సిన ప్రోటీన్లు, ఇవన్నీ. లోపల ఉండాల్సింది బయట కనపడిందంటే ప్రమాదం జరిగిందని మైక్రోగ్లియాకు అర్థం. సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేదు అక్కడ. అయినా శరీరం ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఎలా స్పందిస్తుందో అలాగే స్పందిస్తుంది. గంటలోపే సంకేత రసాయనాలు విడుదలవుతాయి, రక్తనాళాల లోపలి గోడ జిగురుగా మారుతుంది.

అయితే మైక్రోగ్లియా వల్ల మేలా, కీడా? చాలా ఏళ్లు కీడనే అనుకున్నారు. 2016లో హంగరీ శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులోంచి మైక్రోగ్లియాను మందుతో దాదాపు పూర్తిగా తొలగించి, ఆ తర్వాత పక్షవాతం తెప్పించి చూశారు. చచ్చిన భాగం తగ్గాలి కదా? తగ్గలేదు. 60 శాతం పెరిగింది. ఈ ఫలితం గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు బయటి నుంచి వచ్చేవాటి సంగతి. మీలో సీబీపీ చేయించుకోని వాళ్లు ఉండరు. కంప్లీట్ బ్లడ్ పిక్చర్. అందులో తెల్ల కణాల మొత్తం కింద డిఫరెన్షియల్ కౌంట్ అని ఉంటుంది. న్యూట్రోఫిల్స్ ఇంత శాతం, లింఫోసైట్లు ఇంత శాతం అని. మామూలుగా న్యూట్రోఫిల్స్ 40 నుంచి 75 మధ్య, లింఫోసైట్లు 20 నుంచి 40 మధ్య ఉంటాయి. పెద్ద పక్షవాతం వచ్చిన మనిషికి మర్నాడు ఆ పరీక్ష చేస్తే తరచూ న్యూట్రోఫిల్స్ పైకి పోయి, లింఫోసైట్లు కిందికి దిగి ఉంటాయి. ఈ రెండింటి నిష్పత్తి ఎంత పెరిగితే రోగి కోలుకోవడం అంత కష్టమని ఎన్నో దేశాల్లో చూశారు. చాలా చవకైన పరీక్ష. అందులో ఒక అంకె తలలో జరిగేదాన్ని చెప్తోంది, రెండో అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్తోంది.

మొదటి అంకె, న్యూట్రోఫిల్స్. మన మూలుగ రోజుకు దాదాపు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ని తయారుచేస్తుంది. అవి బతికేది కొద్ది కాలమే. గాయమైనా, సూక్ష్మజీవి దూరినా ముందుగా చేరేవి ఇవే. పక్షవాతంలో కూడా గంటల్లో వస్తాయి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా పెరుగుతాయి. ఎక్కడి నుంచి వస్తాయి? తుంటి ఎముక నుంచో, కాలి ఎముక నుంచో అనుకుంటాం. 2018లో బోస్టన్‌లో ఒక బృందం ఒక వింత చూపించింది. పుర్రె ఎముకలో కూడా మూలుగ ఉంటుంది కదా, ఆ మూలుగ నుంచి మెదడు పైపొరల్లోకి నేరుగా సన్నని దారులున్నాయి. ఎలుకకు పక్షవాతం తెప్పిస్తే, కాలి ఎముక కంటే పుర్రె ఎముక నుంచే ఎక్కువ న్యూట్రోఫిల్స్ మెదడు వైపు వెళ్లాయి. మెదడు అంటే రోగనిరోధక వ్యవస్థకు అందని చోటు అని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉండేది. 2015లో మెదడు పొరల్లో రోగనిరోధక కణాలు ప్రయాణించే లింఫు నాళాలు ఉన్నాయని వర్జీనియాలో ఒక బృందం, హెల్సింకీలో మరో బృందం విడివిడిగా చూపించాయి. ఆ పుస్తకాలు మార్చాల్సి వచ్చింది.

సరే, వచ్చి ఏం చేస్తాయి? మూడు పనులు చెప్తాను, మూడూ నష్టం చేసేవే.

మెదడులో అతి సన్నని రక్తనాళాలు ఉంటాయి, కేశనాళికలు. వాటి వెడల్పు కంటే న్యూట్రోఫిల్ లావు. వంగి, సాగి, ఒదిగి దూరాల్సిందే. గోడలు జిగురుగా ఉంటే మధ్యలో ఇరుక్కుంటుంది. పెద్ద నాళంలో గడ్డ తీసేశాం, యాంజియోగ్రామ్‌లో పెద్ద నాళం అద్భుతంగా కనపడుతోంది, కానీ ఆ కింద వేల చిన్న నాళాలు న్యూట్రోఫిల్స్‌తో మూసుకుని ఉన్నాయి. రక్తం చివరిదాకా చేరదు. 2020లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇది స్పష్టంగా చూపించారు. గడ్డ తీశాక కూడా కొందరు ఎందుకు కోలుకోరు అన్నదానికి ఇది ఒక కారణం కావొచ్చు.

రెండోది, ఎంఎంపీ-9 అనే ఎంజైము. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక అడ్డుపొర ఉంటుంది. రక్తంలో ఉన్న ప్రతిదీ మెదడులోకి పోకుండా ఆపేది అదే. న్యూట్రోఫిల్స్ వదిలే ఈ ఎంజైము ఆ పొర కింది పునాదిని కొరికేస్తుంది. అప్పుడు నీరు లోపలికి దిగుతుంది, మెదడు వాస్తుంది. పుర్రె గట్టి ఎముక, పక్కకి జరగదు. వాచిన మెదడు ఎక్కడికి పోతుంది? పక్కనున్న మంచి భాగాన్ని నొక్కుతుంది. ఈ వాపు మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య గరిష్ఠంగా ఉంటుంది. బంధువుల ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. మూడో రోజు మగతకి కారణం చాలాసార్లు ఈ వాపు. మరీ ఎక్కువైతే పుర్రె ఎముకలో ఒక ముక్క తాత్కాలికంగా తీసి, మెదడుకి చోటు ఇచ్చి ప్రాణం కాపాడతారు. ఆ ఆపరేషన్ అనగానే ఇంట్లో వాళ్లకి చాలా టెన్షన్. సహజమే. కానీ సరైన సమయంలో చేస్తే అది ప్రాణాన్ని నిలబెట్టే ఆపరేషన్.

మూడోది నాకు చాలా ఆసక్తి కలిగించిన విషయం. 2004లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఒకటి కనిపెట్టారు. న్యూట్రోఫిల్ కొన్నిసార్లు తన డీఎన్ఏనే బయటికి విసిరేస్తుంది. సన్నని జిగట దారాల్లా. సూక్ష్మజీవులు వాటిలో చిక్కుకుంటాయి. మంచి ఉపాయమే. కానీ ఆ దారాలు రక్తనాళంలో పరుచుకుంటే? రక్తకణాలు వాటికి పట్టుకుంటాయి, గడ్డ బిగుసుకుంటుంది. థ్రాంబెక్టమీ వచ్చాక రోగుల మెదడు నుంచి తీసిన గడ్డలు మొదటిసారి మన చేతికి దొరికాయి. 2017, 2018 సంవత్సరాల్లో బెల్జియంలో, ఫ్రాన్స్‌లో ఆ గడ్డలను కోసి పరీక్షించారు. దాదాపు ప్రతి గడ్డలోనూ ఆ డీఎన్ఏ దారాలు. మనం ఇచ్చే ఆల్టిప్లేస్, టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్లు కరిగించేది ఫైబ్రిన్ అనే ప్రోటీన్‌ని. డీఎన్ఏని అవి ముట్టుకోవు. ల్యాబులో ఆ గడ్డలకి డీఎన్ఏని కత్తిరించే ఎంజైము కూడా కలిపితే త్వరగా కరిగాయి. కొందరికి ఇంజెక్షన్ ఇచ్చినా గడ్డ ఎందుకు కరగదు అన్నదానికి ఇక్కడ ఒక ఆధారం దొరికింది. ఈ కలయికను మనుషుల్లో పరీక్షించే పని మొదలైంది.

ఇప్పటిదాకా విన్నారు కదా. మీలో ఎవరికైనా వచ్చే ఆలోచన ఏంటి? "అయితే ఈ న్యూట్రోఫిల్స్‌ని ఆపేస్తే పోలా?" అంతే కదా? శాస్త్రవేత్తలకీ అదే వచ్చింది.

ఎన్లిమోమాబ్ అనే మందు. ఇందాక రక్తనాళం గోడ జిగురుగా మారుతుందన్నాను, ఆ జిగురు అణువుల్లో ఒకటి ఐక్యామ్-1. దాన్ని కప్పేసే యాంటీబాడీ ఇది. జంతువుల్లో ఈ పద్ధతి బాగా పనిచేసింది. 625 మంది రోగులతో ట్రయల్ చేశారు, 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు తీసుకున్న వాళ్లలో 22 శాతం మంది చనిపోయారు. ఉత్త ద్రవం తీసుకున్న వాళ్లలో 16 శాతం. మందు తీసుకున్న వాళ్లలో జ్వరాలు, ఇన్ఫెక్షన్లు కూడా ఎక్కువే. ఆపడానికి ఇచ్చిన మందు మనుషులకి కీడు చేసింది. ఎందుకు? ఆ యాంటీబాడీ ఎలుక నుంచి తయారైంది. మనిషి శరీరం దాన్ని పరాయి ప్రోటీన్‌గా చూసింది. న్యూట్రోఫిల్స్ నెమ్మదించే బదులు ఇంకా రెచ్చిపోయాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

2003లో న్యూట్రోఫిల్స్‌ని అడ్డుకునే ఇంకో మందు, 966 మందిలో పరీక్షించి లాభం లేదని ఆపేశారు. ఆ తర్వాత, తెల్ల కణాలు రక్తనాళం దాటి మెదడులోకి దూరకుండా ఆపే నటాలిజుమాబ్, రెండు ట్రయల్స్. లాభం లేదు. ఆ ట్రయల్స్‌లో పాల్గొన్న రోగులను, వాళ్ల కుటుంబాలను నేను గౌరవంతో తలుచుకుంటాను. పక్షవాతం వచ్చిన గంటల్లో, ఆ భయంలో, తెలియని మందుకి సంతకం పెట్టారు. ఈ రోజు మనకు తెలిసింది వాళ్ల వల్ల తెలిసిందే.

ల్యాబు ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయదు? ల్యాబు ఎలుక వయసులో ఉంటుంది, శుభ్రమైన పెట్టెలో పెరుగుతుంది. దానికి బీపీ లేదు, షుగర్ లేదు, పొగతాగలేదు, అరవై ఏళ్ల ఇన్ఫెక్షన్ల చరిత్ర లేదు. మన రోగికి ఇవన్నీ ఉంటాయి. అది ఒకటి. రెండో కారణం ఇంకా ముఖ్యం, అది సమయం.

మూడో రోజు నుంచి దృశ్యం మారుతుంది. మోనోసైట్లు అనే తెల్ల కణాలు వస్తాయి, మెదడులోకి వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. అవి చచ్చిన కణాల శిథిలాలను మింగుతాయి. చచ్చిన న్యూట్రోఫిల్స్‌ని కూడా అవే ఎత్తేస్తాయి. మొదట్లో వీటి స్వభావం ఉద్రేకంగానే ఉంటుంది, క్రమంగా బాగుచేసే వైపు తిరుగుతుంది. ఎలుకల్లో వీటిని రానివ్వకుండా ఆపితే చచ్చిన భాగంలో రక్తస్రావం పెరిగింది, కాళ్లూ చేతులూ తిరిగి పనిచేయడం ఆలస్యమైంది. అంటే వీటిని ఆపడం తప్పు.

లింఫోసైట్లలో టీ కణాలు, బీ కణాలు అని రకాలుంటాయి. టీ కణాలు కూడా అంతే. టీ, బీ కణాలు అసలే లేని ఎలుకల్లో మొదటి రోజు నష్టం తక్కువ. అంటే తొలి గంటల్లో అవి చెడు చేస్తున్నాయి. కానీ టీ కణాల్లోనే ఒక రకం ఉంది, నియంత్రక టీ కణాలు. మిగతావాటిని అదుపులో పెట్టేవి. 2009లో జర్మనీలో వీటిని తొలగించి చూస్తే మెదడు నష్టం పెరిగింది. 2019లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకా ముందుకెళ్లారు. పక్షవాతం వచ్చిన రెండు మూడు వారాల తర్వాత ఈ కణాలు ఎలుక మెదడులో భారీగా చేరతాయని, అక్కడ మచ్చ కట్టే ప్రక్రియను తగ్గించి నాడీ వ్యవస్థ కోలుకోవడానికి సాయపడతాయని చూపించారు. రెండు మూడు వారాలు అంటే రోగి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. ఫిజియోథెరపీ నడుస్తుంటుంది. ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి తలలో ఇంకా ఇంత పని జరుగుతోందన్నమాట.

ఇందాక మైక్రోగ్లియా తీసేస్తే నష్టం 60 శాతం పెరిగిందన్నాను, గుర్తుందా? ఇప్పుడు అర్థమవుతుంది. ఈ కణాల్లో మంచివి, చెడ్డవి అని విడదీయలేం. మొదటి రోజు కావలసింది వేరు, పదో రోజు కావలసింది వేరు. అన్నిటినీ ఒకే దెబ్బతో అణిచే మందు మొదటి రోజు మేలు చేసినా, పదో రోజు మరమ్మతుని ఆపేస్తుంది.

ముందు వరుసలో అమ్మగారు చేయెత్తారు. చెప్పండమ్మా. స్టెరాయిడ్ ఇస్తే వాపు తగ్గదా అంటున్నారు. చాలామంది అడుగుతారు. మెదడులో గడ్డలు, అంటే ట్యూమర్లు ఉన్నవాళ్లకి స్టెరాయిడ్‌తో వాపు తగ్గుతుంది. పక్షవాతం వాపు వేరే తరహాది, మామూలుగా స్టెరాయిడ్ ఇవ్వం. షుగర్ పెంచుతుంది, ఇన్ఫెక్షన్లకి దారి తీస్తుంది. చైనాలో థ్రాంబెక్టమీతో పాటు కొద్ది మోతాదులో మూడు రోజులు స్టెరాయిడ్ ఇచ్చి పెద్ద ట్రయల్ చేశారు, 2024లో ఫలితం వచ్చింది. మూడు నెలల తర్వాత వైకల్యంలో స్పష్టమైన తేడా రాలేదు, మరణాలు మాత్రం కొంత తగ్గాయి. కాబట్టి ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. కానీ ఈ రోజుకి మీరు అడిగి ఇప్పించుకోవాల్సిన మందు కాదది.

ఇప్పుడు సీబీపీలో రెండో అంకెకి వద్దాం. లింఫోసైట్లు ఎందుకు తగ్గాయి?

దెబ్బ తిన్నది మెదడు. కానీ మెదడు ఊరికే ఉండదు, నరాల ద్వారా, అడ్రినలిన్ ద్వారా, కార్టిసాల్ ద్వారా ఒళ్లంతటికీ ఆదేశాలు పంపుతుంది. ఆ హార్మోన్ల వరదలో లింఫోసైట్లు పెద్ద సంఖ్యలో చచ్చిపోతాయి. ఎలుకల్లో, లింఫోసైట్లు నిల్వ ఉండే ప్లీహం కుంచించుకుపోతుంది. 2003లో బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రి శాస్త్రవేత్తలు దీన్ని నిరూపించారు. పక్షవాతం వచ్చిన ఎలుకలు కొద్ది రోజుల్లోనే న్యుమోనియా పాలయ్యాయి. ప్రొప్రనలాల్ అనే మామూలు బీపీ మాత్ర తరగతి మందు ఇచ్చి అడ్రినలిన్ ప్రభావాన్ని ఆపితే ఆ ఇన్ఫెక్షన్లు తగ్గాయి. మెదడుకి దెబ్బ తగిలితే ఊపిరితిత్తుల్లో రక్షణ పడిపోతుంది. ఒకే సమయంలో తలలో తెల్ల కణాల ఉధృతి, ఒంట్లో తెల్ల కణాల కొరత. ఒకే మనిషిలో రెండూ.

బంధువుల ప్రశ్నకు రెండో జవాబు ఇదే. మూడో రోజు మగతకి, ఆయాసానికి, జ్వరానికి కారణం చాలాసార్లు న్యుమోనియా.

దయచేసి ఇక్కడ శ్రద్ధగా వినండి. ఈ ప్రసంగంలో మీ చేతిలో ఉన్నది ఇదే. పక్షవాతం వచ్చిన వాళ్లలో చాలామందికి మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి. బయటికి తెలియదు. నీళ్లు తాగిస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొందరికి దగ్గు కూడా రాదు. నోట్లో ఉన్న బ్యాక్టీరియా దానితో పాటే దిగుతుంది. సరిగ్గా అదే సమయంలో ఒంట్లో లింఫోసైట్లు తగ్గిపోయి ఉంటాయి. మన ఊళ్లలో ఏం చేస్తాం? మనిషి పడిపోగానే నోట్లో నీళ్లు పోస్తాం. సోడా తాగిస్తాం. ఆసుపత్రికి వెళ్లే దారిలో పసరు పోయించి తీసుకొస్తాం. ప్రేమతోనే చేస్తాం, బతికించుకోవాలనే చేస్తాం. కానీ ఆ పసరు ఊపిరితిత్తుల్లోకి దిగిన మనిషిని మేం వారాల తరబడి వెంటిలేటర్ మీద చూస్తున్నాం. ఆసుపత్రిలో మింగే పరీక్ష చేసేదాకా నోట్లో ఏమీ పోయకండి. నీళ్లు వద్దు, మాత్ర వద్దు, పసరు వద్దు, తులసి తీర్థం కూడా వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, అంతే.

మరి న్యుమోనియా వచ్చేలా ఉంటే ముందే అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చేస్తే? అదీ చూశారు. 2015లో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 2500 మందికి పైగా, బ్రిటన్‌లో 1200 మందికి పైగా పాల్గొన్నారు. ముందుగా యాంటీబయాటిక్ ఇస్తే రోగులు మెరుగ్గా కోలుకుంటారా? లేదు. బ్రిటన్ ట్రయల్‌లో న్యుమోనియా కూడా తగ్గలేదు.

ఏది పనిచేసిందో చెప్తాను. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 19 ఆసుపత్రుల్లో ఒక ట్రయల్ చేశారు, 2011లో అచ్చయింది. కొత్త మందు ఏమీ లేదు. నర్సులకి మూడు పనులు పద్ధతిగా నేర్పారు. మొదటి మూడు రోజులు జ్వరం క్రమం తప్పకుండా చూసి వెంటనే తగ్గించడం, షుగర్ చూసి అదుపు చేయడం, నోటితో ఏదైనా ఇచ్చేముందు మింగే పరీక్ష చేయడం. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు వార్డుల్లో 58 శాతం మంది చనిపోయారు లేదా ఇతరుల మీద ఆధారపడ్డారు. ఈ మూడు పనులు చేసిన వార్డుల్లో 42 శాతం. 58 ఎక్కడ, 42 ఎక్కడ? కోట్లు పోసి తయారుచేసిన యాంటీబాడీలు సాధించలేనిది థర్మామీటర్‌తో, గ్లూకోమీటర్‌తో, ఒక చెంచా నీళ్లతో నర్సులు సాధించారు. మన జిల్లా ఆసుపత్రుల్లో ఇది ఎందుకు చేయలేం? నర్సుల సంఖ్య పెంచితే, శిక్షణ ఇస్తే చేయగలం. నేను అధికారులతో మాట్లాడే ప్రతిసారీ అడిగేది ఇదే. మీరూ అడగండి.

ఇంకో మాట. కరోనా తర్వాత "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాలు, చుక్కలు ప్రతి ఇంట్లోకీ వచ్చాయి. పక్షవాతం రోగికి కూడా ఇస్తున్నారు. ఇంతసేపు విన్నారు కదా, ఏ ఇమ్యూనిటీని పెంచాలి? తలలో ఉన్న న్యూట్రోఫిల్స్‌నా? ఊపిరితిత్తుల్లోని లింఫోసైట్లనా? ఏ పొడికి ఆ తేడా తెలుసు? ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

చివరి భాగం త్వరగా చెప్తాను, టైం అవుతోంది. ఈ కణాల ప్రభావం నెలల తరబడి ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. పక్షవాతం వచ్చిన కొందరికి నెలలు గడిచాక జ్ఞాపకశక్తి తగ్గుతుంది. 2015లో ఎలుకల్లో చేసిన ఒక పరిశోధనలో, దెబ్బతిన్న చోట వారాల తర్వాత బీ కణాలు చేరి యాంటీబాడీలు తయారుచేస్తున్నాయని, ఆ బీ కణాలను తొలగిస్తే మతిమరుపు రాలేదని తేలింది. బీ కణాలు మేలు చేస్తాయని చూపిన పరిశోధనలూ ఉన్నాయి, కాబట్టి తీర్పు ఇంకా రాలేదు. 2024లో మ్యూనిక్ బృందం, ముఖ్యంగా ఎలుకల్లో చూసి, ఇంకో సంగతి చెప్పింది. పక్షవాతం మూలుగలోని కణాల తీరునే చాలా కాలం మార్చేస్తుంది, అక్కడ పుట్టిన ఉద్రేక కణాలు గుండెలో చేరి దాన్ని బలహీనపరుస్తాయి. మెదడు జబ్బు వచ్చిన మనిషికి ఇప్పుడు మేం ఎకో, అంటే గుండె స్కాన్, చేయించేది మాత్రం ముఖ్యంగా గడ్డ గుండె నుంచి వచ్చిందేమో చూడటానికి.

మందుల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మొటిమలకి వాడే పాత యాంటీబయాటిక్ మినోసైక్లిన్ ఒకటుంది, మైక్రోగ్లియా ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. చైనాలో పెద్ద ట్రయల్ చేశారు, 2025లో ఫలితాలు చెప్పారు. ఇచ్చిన వాళ్లలో కొంచెం ఎక్కువ మంది బాగా కోలుకున్నారు. ఇతర దేశాల్లో కూడా ఇదే ఫలితం రావాలి. వస్తే, అది మనలాంటి చోట అందరికీ అందే మందు, చవకైనది. నాకు చాలా ఆశగా ఉంది.

ప్రశ్నలు తీసుకుంటాను. మైకు ఆ మూల బాబుకి ఇవ్వండి. నాన్నగారికి ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చింది, ఫ్లూ టీకా వేయించవచ్చా, టీకాతో ఇమ్యూనిటీ రెచ్చిపోయి మళ్లీ స్ట్రోక్ వస్తుందేమో అని అడుగుతున్నారు. చాలా మంచి ప్రశ్న. దీనికి లెక్కే ఉంది. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల దగ్గరి ఎంతోమంది రోగుల రికార్డులు కలిపి చూశారు, 2004లో వచ్చింది. ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చిన మొదటి మూడు రోజుల్లో పక్షవాతం వచ్చే అవకాశం మామూలు రోజులతో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉంది. కారణం ఇందాక చెప్పిందే, న్యూట్రోఫిల్స్ ఉద్రేకం, జిగురు గోడలు, గడ్డలు. ఫ్లూ టీకా తర్వాతి రోజుల్లో చూస్తే? అలాంటి పెరుగుదల లేదు. కాబట్టి వేయించండి, ఏటా వేయించండి. న్యుమోనియా టీకా గురించి కూడా మీ డాక్టర్‌ని అడగండి. గడ్డ కట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నా ఫర్వాలేదు, మాత్రలు ఆపకూడదు. సన్న సూదితో వేయమని చెప్పి, వేశాక ఆ చోట రెండు నిమిషాలు దూదితో గట్టిగా నొక్కి పట్టుకోండి. రుద్దకండి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం ముందుగా ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే పరీక్ష, చూపించుకుని వెళ్లండి.